పంతులమ్మకు జలుబు లేదు

పగ పట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పట్టిన పగను ఏళ్ళ తరబడి దులిపి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా దాచుకోవడం మాత్రం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి నిష్ఠ కావాలి, ఓపిక కావాలి, అన్నిటికీ మించి క్షమాగుణం బొత్తిగా ఉండకూడదు. మా వీధిలో ఇన్ని సుగుణాలూ ఒకేచోట పోగుపడిన మనిషి బంతి మామ ఒక్కడే.

మామ ప్యాంటు కుడి జేబు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. అందులో ఒక రబ్బరు బంతి. చావు ఇంటికి వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా అది జేబులోనే ఉంటుంది. మూతపడిన కలప అడితి వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఊళ్ళో వాళ్ళ పెంపుడు కుక్కలకు చదువు చెప్పడం ఆయన వృత్తి. అంతకు ముందు సైన్యంలో పనిచేశాడు. అక్కడా అదే పని, కాకపోతే అక్కడ పరీక్ష తప్పితే మళ్ళీ రాసే అవకాశం ఉండదు.

ఆయన షెడ్డుకు కొత్తగా వచ్చేవాళ్ళకు పాతవాళ్ళు ముందే ఒక హెచ్చరిక చేస్తారు: అక్కడ సామెతలు వాడొద్దని. ఒకసారి ఒక బ్యాంకు గుమాస్తా తన బావమరిది గురించి చెబుతూ, "కుక్క తోక వంకరని ఊరికే అన్నారా?" అన్నాడు. మామ అప్పటిదాకా నవ్వుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"తోక వంకరగా ఉండటం వల్ల మీకేం నష్టం వచ్చింది?"

"అబ్బే, మాట వరసకి."

"మీ బావమరిది తోక సంగతి నాకు తెలీదు. కుక్క తోక మాత్రం ఎలా ఉండాలో అలానే ఉంటుంది. ఆ మాట వెనక్కి తీసుకోండి."

గుమాస్తా వెనక్కి తీసుకున్నాడు. మన భాషకు కుక్క ఏం అపకారం చేసిందో గాని, తిట్టుకొకటి, సామెతకొకటి చొప్పున దాన్ని కట్టేసి ఉంచాం. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పడానికి మామ కంకణం కట్టుకున్నాడు. అయితే ఇవన్నీ చిల్లర యుద్ధాలు. అసలు యుద్ధం ఒక్క మాట మీద. ఆ మాట 'జలుబు'.

సంగతి ఇది. యుద్ధంలో అందరికంటే ముందు సేనాపతి నడుస్తాడని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. నిజానికి ముందు నడిచేది కుక్క. కుక్క వెనక పొడుగాటి తాడు, తాడు వెనక మామ, మామ వెనక సిపాయిలు, వాళ్ళ వెనక జెండాలూ ఉపన్యాసాలూ దేశమూను. మామ చేతిలో ఉన్న ఆ ఆడకుక్క పేరు పంతులమ్మ. కళ్ళ పైన కళ్ళజోడు పెట్టినట్టు రెండు పసుపు మచ్చలు. ఎవరైనా తప్పు చేస్తే, చేసినవాడికి సిగ్గేసేదాకా అలా చూస్తూ ఉండేది.

ఆమె ఉద్యోగం నేలలో పాతిన మందుపాతరలను వాసన పట్టడం. వాసన తగిలితే మొరగదు, తవ్వదు, గంతులెయ్యదు. కూర్చుంటుంది. అంతే. కుక్క కూర్చుంటే మామ చెయ్యెత్తుతాడు. చెయ్యెత్తితే ఎంతటి అధికారి అయినా ఆగాలి, ఎవరి అడుగుల్లో వాళ్ళు అడుగు వేసుకుంటూ వెనక్కి నడవాలి. ఆ తరవాత మందుపాతరలు తీసేవాళ్ళు వచ్చి తమ పని చేసుకుంటారు. దీని మీద వాదనలు ఉండవు. సైన్యంలో వాదన లేకుండా అందరూ ఒప్పుకున్న సూత్రం బహుశా ఇదొక్కటే.

ఒకరోజు పగలు, వంతెన వైపు పోయే మట్టిరోడ్డు మీద, తూము దగ్గర పంతులమ్మ కూర్చుంది. మామ చెయ్యెత్తాడు. దళం రోడ్డు మలుపు అవతలే ఆగిపోయింది. ముందుకు వచ్చింది దళాన్ని నడిపే యువ అధికారి ఒక్కడే. అవతలి ఒడ్డు నుంచి ఇంకో దళం కూడా వంతెన కోసం వస్తోంది. దాన్ని నడిపేది ఈయనతోపాటు చదువుకున్నవాడు, అన్నిట్లోనూ ఈయనకంటే ఒక మెట్టు ముందుండేవాడు. శత్రువుకంటే ముందు చేరడం దేశానికి ముఖ్యం. స్నేహితుడికంటే ముందు చేరడం ఈయనకు ముఖ్యం.

"ఎండకి అలిసింది. లేపు," అన్నాడు అధికారి.

"కూర్చుంది సార్."

"కనపడుతోంది. లేపమన్నాను."

మామ లేపలేదు. అధికారి ఆయన చేతిలోంచి తాడు గుంజుకుని ఒక్క ఊపు ఊపాడు. తాడు లాగితే లేవాలని పంతులమ్మకు నేర్పింది మామే. ఆ విషయం మామ ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడడు. ఆమె లేచింది. అధికారి వైపు ఒకసారి చూసింది, ముందుకు నడిచింది.

ఆ పేలుడులో మామకు ఎడమ చెవి పోయింది. అధికారి పిక్కలో ఇనపముక్క దిగింది, దానికి బదులుగా ఛాతీ మీద పతకం ఎక్కింది. పంతులమ్మను ఒక దుప్పటిలో పోగుచేశారు. ఏం జరిగిందని పైవాళ్ళు అడిగితే, మంచం మీద నుంచి అధికారి చెప్పిన మాట: "పాపం, కుక్కకి జలుబు చేసినట్టుంది. వాసన పట్టలేదు."

మామ నిజం చెప్పాడు. చెవి పోయినవాడు, కుక్క పోయిన దుఃఖంలో ఉన్నవాడు, అందులోనూ సిపాయి. ముగ్గురి మాటా ఒకేసారి ఎవరు నమ్ముతారు? ఒకే ఈతలో పుట్టిన పంతులమ్మ అక్కచెల్లెళ్ళని కూడా ముక్కు సరిలేని వంశమని కొలువులోంచి తీసేశారు. మామను ఉల్లిపాయల గిడ్డంగికి కాపలా పెట్టారు. ఆ తరవాత ఆయన ఏ సైనికుల సభకు వెళ్ళినా, "ఏం బావా, మీ కుక్కకి జలుబు తగ్గిందా?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. నవ్వడానికే అడిగేవారు. మామ వెళ్ళడం మానేశాడు.

ఆ అధికారి మెట్టు మెట్టూ ఎక్కి కల్నల్ అయ్యి, జనరల్ కాకుండానే పదవీ విరమణ చేసి, ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్ళల్లో ఒకటి కొనుక్కుని దిగాడు. ఒక ఖరీదైన కుక్కపిల్లను తెచ్చి దానికి జనరల్ అని పేరు పెట్టుకున్నాడు. "జనరల్, కూర్చో. జనరల్, నోరు ముయ్యి" అని ఉదయం సాయంత్రం ఆయన అనే మాటల్లో ఉద్యోగ జీవితపు లోటు ఎంత తీరేదో ఆయనకే తెలియాలి. లోటల్లా జనరల్ ఆ ఆజ్ఞల్లో ఒక్కటీ పాటించకపోవడమే. దాంతో దాన్ని తోలుకుని షెడ్డుకు వచ్చాడు.

"ఏమోయ్, నువ్వా?" అన్నారు కల్నల్ గారు, నిజంగానే సంతోషించి. "జలుబు కుక్క నీదే కదూ? ఇప్పటికీ ఎక్కడ మాట్లాడినా నీ కుక్క కథ చెబుతూ ఉంటాను. జనం పడీ పడీ నవ్వుతారు."

మామ చేతిలో ఉన్న డబ్బా నేలమీద పెట్టాడు. నిదానంగా పెట్టాడు.

"కుక్కని వదిలి వెళ్ళండి సార్. నేర్పిస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య, అంటే మామ భార్య, కుట్టుమిషను తొక్కుతూ మొగుడి మొహం చూసింది. పాదం ఆపింది.

"ఏంటా వెలుగు? లాటరీ తగిలిందా?"

"కల్నల్ కుక్కని పంపించాడు."

"కరిపిస్తారా ఏంటి? చూడండీ, జైలుకి క్యారేజీ మోసుకొచ్చే వయసు కాదు నాది."

"కరవడం ఏంటే, చీప్‌గా. మర్యాదగా కూర్చుంటుంది."

"కూర్చుంటే పగ తీరుతుందా?"

"ఎవరి ముందు కూర్చుంటుందన్నది ఉంది కదా."

అత్తయ్య మళ్ళీ మిషను తొక్కింది. ఆమెకు మొగుడి పగ సవతిలాంటిది. అది ఇంట్లోకి తనకంటే ముందే వచ్చింది. రోజూ దాన్ని చూస్తూ చూస్తూ కాస్త అభిమానం కూడా పుట్టింది.

కుక్కకు వాసన నేర్పే పద్ధతి చూడ్డానికి చాలా చప్పగా ఉంటుంది. మూతకు చిల్లులున్న రేకు డబ్బాలు వరసగా పెడతారు. ఒక్కదాంట్లో మాత్రం కావలసిన వాసన ఉంటుంది. మనిషి చేతి వాసన తగలకుండా డబ్బాలను పట్టకారుతో తీయాలి, సబ్బు తగలకుండా మరిగే నీళ్ళతో కడగాలి. కుక్క వరస వెంట మూతి పెట్టుకుంటూ పోతుంది. సరైన డబ్బా దగ్గర కూర్చుంటే, బంతి ఎగిరొచ్చి సరిగ్గా ఆ డబ్బా దగ్గరే పడుతుంది. బంతి ఆ వాసనలోంచే పుట్టిందని కుక్క నమ్ముతుంది. దాని భక్తి అంతా ఆ నమ్మకం మీద నడుస్తుంది. మనుషుల్లోనూ చాలామంది ఇలాగే పైకొచ్చారు.

మామ ఎంచుకున్న వాసన కల్నల్ గారి పిక్కది. ఇనపముక్క దిగిన చోట రోజూ పొద్దున్నే పచ్చసీసాలో దొరికే నొప్పుల తైలం మర్దనా చేయించుకుంటానని ఆయనే చెప్పుకున్నాడు. మామ అదే సీసా కొని, దూదికి రెండు చుక్కలు అంటించి, డబ్బాలో వేశాడు. మామకు తైలాలతో పరిచయం లేదు. కుక్కలతో పనిచేసేవాడు ఒంటికి వాసన ఉన్నదేదీ రాసుకోకూడదు. తలనూనె లేదు, పౌడరు లేదు, వెన్ను విరిగిపోతున్నా తైలం లేదు. ఆ నియమం ఆయన ఉద్యోగం పోయాక కూడా తప్పలేదు. ఆయన లెక్కలో ఆ తైలం వాసనంటే కల్నల్ గారు, కల్నల్ గారంటే ఆ వాసన.

ఇంకొక మార్పు కూడా చేశాడు. తాడు లాగితే లేవాలన్న పాఠం ఈసారి చెప్పలేదు. లాగినకొద్దీ నేలకు అతుక్కోవాలని చెప్పాడు. అది నేర్పుతున్నన్ని రోజులూ అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు.

జనరల్ ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడై ఇంటికి చేరాడు. ఇక కల్నల్ గారి పని పడుతుందని మామ ఎదురుచూశాడు. మర్నాడే కల్నల్ గారింటి నుంచి పెద్ద బిస్కెట్ల డబ్బా వచ్చింది. వెనకే ఆయన కూడా వచ్చాడు.

"అద్భుతం చేశావయ్యా. పొద్దున నేను కుర్చీలో కూర్చోగానే వచ్చి నా కాలి దగ్గర కూర్చుంటాడు. నా మొహంలోకే చూస్తాడు. లాగినా కదలడు. ఎంత గౌరవం! నా సొంత కొడుకులకి లేదు."

ఆయన వెళ్ళాక మామ ఆ డబ్బాను అత్తయ్య వైపు నెట్టేశాడు.

"మీ పగ ఆయనకి బాగా నచ్చినట్టుంది," అంది అత్తయ్య, ఒక బిస్కెట్టు తీసుకుంటూ. "ఇంకోటి కూడా పట్టండి."

"దాని అర్థం వాడికి తెలీదు."

"మరి తెలిసినవాళ్ళెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు మాజీ సైనికుల సంఘం వార్షిక సభ. ఫర్నిచరు దుకాణం పై అంతస్తులో ఉన్న హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. ముఖ్య అతిథి కల్నల్ గారు. ప్రసంగాంశం 'యుద్ధరంగంలో శునకాల పాత్ర'. ఉదాహరణగా తన కుక్కను కూడా వేదిక మీదకు తెస్తానని ఆయనే ప్రకటించాడు. ఇంతకంటే మంచి ముహూర్తం దేవుడే దిగివచ్చి పెట్టినా దొరకదు. వేదిక మీద, కుక్క కూర్చోవడమంటే ఏమిటో తెలిసిన మనుషులందరి ముందూ, ఒక కుక్క వాడి ముందు కూర్చోవాలి. వాడు లాగాలి. అది లేవకూడదు. అప్పుడు మామ లేచి అడుగుతాడు: ఆ రోజు పంతులమ్మ కూర్చుందా లేదా? వాడి నోటితో వాడే చెప్పాలి. మామ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అన్నేళ్ళ తరవాత మొదటిసారి సభకు వెళ్ళి, చివరి వరసలో కూర్చున్నాడు.

కల్నల్ గారు వచ్చారు. కుర్చీల మధ్య దారిలో జనరల్ ముందు, ఆయన వెనక. చప్పట్లు. జనరల్ మొదటి కుర్చీ దాకా వచ్చి, అందులో ఉన్న ముసలి డ్రైవరు మోకాళ్ళ ముందు కూర్చుంది.

"నమస్కారం పెడుతోంది," అన్నారు కల్నల్ గారు, నవ్వుతూ. తాడు లాగారు. కుక్క కదల్లేదు. డ్రైవరు మొహమాటపడి కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. జనరల్ తనంతట తనే లేచి, పక్క కుర్చీలోని తంతి ఆపరేటరు ముందు కూర్చుంది. ఆయన జరిగాడు. ఆ వెనక కుర్చీలో సంఘం కోశాధికారి. ఆయన ముందూ కూర్చుంది.

చివరి వరసలో మామ ముందుకు వంగాడు. గాలిలోకి మొహం పెట్టి ఒకసారి పీల్చాడు. అప్పుడు తెలిసింది. హాలంతా అదే తైలం. ఊళ్ళో అరవై దాటిన ప్రతి మోకాలూ పచ్చసీసా మీదే నడుస్తోందని పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది మామకొక్కడికే. ఒక్క మాట అడిగి ఉంటే అత్తయ్య చెప్పేది. పగ పట్టినవాడు పెళ్ళాన్ని సలహా అడగడు, అదీ అందులో ఉన్న లోపం.

కుక్క నాలుగో కుర్చీ చేరేసరికి హాల్లో నవ్వులు మొదలయ్యాయి. నాలుగో కుర్చీలో ఆనాటి ఆ దళానికి వండిపెట్టిన వంటమేస్త్రి ఉన్నాడు.

"మనమంతా మందుపాతరలమేనంటోందిరోయ్," అన్నాడు వంటమేస్త్రి. "నేనొప్పుకుంటాను. నా పప్పు తిన్నవాళ్ళనడగండి."

హాలు గొల్లుమంది. మామ తల దించుకున్నాడు. అన్నేళ్ళ పగ నొప్పుల తైలంలో కొట్టుకుపోతోంది. కల్నల్ గారికి మాత్రం ఆ నవ్వు తన మీదేనని అనిపించింది. మొహం ఎర్రబడింది. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని గట్టిగా ఒక ఊపు ఊపారు. కుక్క నేలకు ఇంకా అతుక్కుంది.

"లే. లే అంటుంటే."

"లాగకండి సార్," అన్నాడు డ్రైవరు, నవ్వు ఆపి. అలవాటుకొద్దీ అన్నాడు. "కూర్చున్న కుక్కని లాగకూడదు కదండీ."

"నాకు చెప్పొచ్చావా నువ్వు? కూర్చున్నప్పుడల్లా ఆగుతూ పోతే ఆ రోజు వంతెన చేరేవాళ్ళమా? అప్పుడూ ఇదే గోల. అది కూర్చోవడం, వీడు చెయ్యెత్తడం..."

కల్నల్ గారు ఆగిపోయారు. 

వంటమేస్త్రి మెల్లగా లేచాడు. "ఏ రోజు సార్?"

"అది వేరే సంగతి."

"జలుబు చేసిన కుక్కేనా సార్?"

"వేరే కుక్క."

"వంతెన ఒకటే కదండీ," అన్నాడు వంటమేస్త్రి. అని, చివరి వరస వైపు తిరిగాడు. ఎన్నోసార్లు జలుబు తగ్గిందా అని అడిగిన మనిషి. "బావా. కూర్చుందా?"

మామ ఈ ఘడియ కోసం ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు. అందులో ధర్మం, చరిత్ర, మాతృభూమి అన్నీ ఉన్నాయి.  లేచి నిలబడి, చెయ్యెత్తాడు.

మొదట డ్రైవరు కదిలాడు. ఒక అడుగు వెనక్కి, తన అడుగులోనే. తరవాత ఆపరేటరు, కోశాధికారి, వంటమేస్త్రి. కుర్చీలు చప్పుడు కాకుండా జరిగాయి. ముసలివాళ్ళందరూ కల్నల్ గారి మీంచి చూపు తిప్పకుండా, పాదం వెనక పాదం వేసుకుంటూ, గుమ్మం దాకా వెనక్కి నడిచారు. మెట్ల దగ్గర మాత్రం ముందుకు తిరిగి దిగారు. పట్టుదల ఎంతటిదైనా మోకాళ్ళకు కొన్ని హద్దులుంటాయి. హాల్లో కల్నల్ గారు, జనరల్, ముఖ్య అతిథి కోసం తెచ్చిన పూలదండ మిగిలాయి.

అక్కడితో కథ ముగించి ఉంటే మామ మంచివాడనిపించుకునేవాడు.

వారం తిరక్కుండా కల్నల్ గారు షెడ్డుకు వచ్చారు. మనిషి నలిగి ఉన్నాడు. ఊరంతా పాకింది. పొద్దున నడకకు వెళితే కుక్క ఆయన కాలి ముందే కూర్చుంటోంది. అది చూసి పాలవాడు, పేపరువాడు కూడా చెయ్యెత్తి వెనక్కి నడుస్తున్నారు.

"దీన్ని మాన్పించు," అన్నారు కల్నల్ గారు.

"మాన్పిస్తాను సార్. కాకపోతే మీరే రోజూ పొద్దున్నే తీసుకురావాలి. వాసన మీది కదా."

"వస్తాను."

"ఇక్కడ కూర్చుని, వచ్చినవాళ్ళకి సంగతి చెప్పాలి."

"సభలో అందరూ విన్నారు కదయ్యా. ఒకసారి చెప్పాను."

"జలుబని ఎన్నిసార్లు చెప్పారు సార్?"

 కల్నల్ గారు మర్నాడు పొద్దున్నే వచ్చారు.

అప్పటినుంచి షెడ్డులో ఒక స్టూలు ఆయనది. కుక్కలను తెచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. మామ డబ్బాలు కడుగుతూ, తల ఎత్తకుండా, "సార్ మీకో సంగతి చెబుతారు, వినండి" అంటాడు. కల్నల్ గారు చెబుతారు. జనరల్ చదువు మరిపించడానికి మామలాంటి పనివాడికి పది రోజులు ఎక్కువ. రుతువు మారినా అది ఇంకా మరచిపోలేదు. అడిగితే, "కొంచెం మొద్దు సార్, టైం పడుతుంది" అంటాడు. కుక్కను మొద్దనడం ఆయన నోట వినడం మా వీధికి అదే మొదలు.

"పాపం, పెద్దాయన చిక్కిపోతున్నాడండీ," అంది అత్తయ్య ఒకరోజు, ఇద్దరికీ టీ తెచ్చి. "ఇక చాలదూ?"

"చాలడానికి ఇంకా ఊళ్ళో సగం మంది రాలేదు."

"మీరు మనిషి కాదు."

"ఆ మాట మంచి ఉద్దేశంతోనే అన్నావనుకుంటాను."

అంతలో ఒకావిడ ముద్దబంతి పువ్వులాంటి చిన్న కుక్కను చంకలో పెట్టుకుని వచ్చింది. మామ చెప్పకముందే కల్నల్ గారు స్టూలు మీద సర్దుకుని మొదలుపెట్టారు. రోడ్డు, మలుపు, తూము, కుక్క కూర్చోవడం, తాను తాడు లాగడం. ఇన్నాళ్ళకు వరస బాగా కుదిరింది. చెప్పి చెప్పి గొంతులో ఒక జీర కూడా వచ్చింది. చివర్లో ఆయన కళ్ళు తుడుచుకుని, "ఆ తరవాత నేను కూడా చాలా బాధపడ్డానమ్మా, ఎన్నో రాత్రులు..." అన్నారు.

ఆవిడ మొహం కరగబోయింది.

మామ పట్టకారు పక్కన పెట్టాడు.

"ఆ ముక్క అక్కర్లేదు సార్," అన్నాడు. "కూర్చున్న దగ్గర్నుంచి మళ్ళీ చెప్పండి."